మ్యూ విలువ 0.35 అనుకొనుము

పేపర్లో జిల్లా పేజీ చదివే అలవాటున్న వాళ్లకి ఈ వాక్యం కొత్త కాదు: "బ్రేకులు ఫెయిలవడంతో లారీ అదుపు తప్పి..." తర్వాత ఊరి పేరు మారుతుంది, వయసులు మారతాయి, ఆసుపత్రి మారుతుంది. మొదటి ముక్క మాత్రం మారదు. మనది సాహిత్య క్లబ్బు పత్రిక కాబట్టి వ్యాకరణంతోనే మొదలుపెడతాను. వాన పడింది, పొద్దు గూకింది, బ్రేకులు ఫెయిలయ్యాయి. ఎవరూ ఏమీ చేయలేదు, దానంతట అదే జరిగింది. ఆ ఒక్క క్రియతో లైనింగ్ కొన్నవాడు, అమ్మినవాడు, బిగించినవాడు, లోడు ఎక్కించినవాడు, ఎఫ్‌సీ ఇచ్చినవాడు అందరూ వాక్యంలోంచి దిగిపోతారు. లోపల మిగిలేది డ్రైవరొక్కడే.

నిజంగానే ఏదో ఒకటి పుటుక్కున తెగిపోయే సందర్భాలు లేవనను. గాలి పైపు పగలొచ్చు, డయాఫ్రం చిరగొచ్చు. కానీ ఎయిర్ బ్రేకు లారీల్లో గాలి మొత్తం పోతే వెనక చక్రాలకి స్ప్రింగ్ బ్రేకు తనంతట తనే పట్టేసే ఏర్పాటుంది. అంటే డిజైన్ చేసినవాడు ఆ రకం ఫెయిలవడం గురించి ముందే ఆలోచించి పెట్టాడు. వాడు ఆలోచించి పెట్టినా మనం చెడగొట్టగలిగేది ఇంకో రకం ఉంది. అది దుకాణం కౌంటర్ దగ్గర, ప్రమాదానికి నెలల ముందే మొదలవుతుంది. నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: మన దగ్గర బ్రేకు లైనింగులూ ప్యాడ్లూ "ఎంతకాలం వస్తాయి" అని చూసి కొంటున్నాం, "ఎంతలో ఆపుతాయి" అని చూసి కాదు. ఈ రెండూ ఒకటి కాదు, చాలాసార్లు ఒకదానికొకటి ఎదురు కూడా.

పల్నాడులో ఉన్నాం కాబట్టి బరువు గురించి ఎవరూ మనకి చెప్పక్కర్లేదు. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి వైపు సిమెంటు, సీజన్లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద పొందుగల బ్రిడ్జి దగ్గర ఓ అరగంట నిలబడితే మన జిల్లా ఏం తవ్వుతుందో ఏం పండిస్తుందో అంతా కళ్లముందు నుంచి పోతుంది. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. రెండు యాక్సిళ్ల ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకి, మూడు యాక్సిళ్ల పది టైర్ల లారీ 25 నుంచి 28.5 టన్నులకి వెళ్లింది. ఇది చట్టం ఒప్పుకున్న బరువు. నాపరాళ్లు ఎక్కించేవాళ్లు ఒప్పుకునే బరువు వేరే.

ఆ 18.5 టన్నులు గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో వెళ్తుంటే దానిలో ఉన్న గతిశక్తి దాదాపు 2.57 మెగాజౌళ్లు. అంకె మనకి అందదు గానీ, తొమ్మిది లీటర్ల నీళ్లని పొయ్యి మీద పెట్టి మరిగే దాకా కాచడానికి కావలసిన వేడి దాదాపు అంత. ఒక్కసారి ఆపితే అంత వేడీ నాలుగు డ్రమ్ముల్లోకి పోవాలి. డ్రమ్ము యాభై కిలోలనుకుంటే ఒక్కోటి ఇరవై అయిదు డిగ్రీలు పైకి లేస్తుంది. ఇది పెద్ద విషయం కాదు, గాలికి చల్లబడుతుంది. అదే లారీ మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే? 54 మెగాజౌళ్లు, అంటే 60 స్పీడులో ఇరవై ఒక్కసార్లు వరసగా ఆపినంత. మొత్తం భారం బ్రేకుల మీదే వేస్తే, మధ్యలో చల్లబడకపోతే, డ్రమ్ములు అయిదు వందల డిగ్రీల పైకి పోవాలి. లైనింగులో పీచునీ పొడినీ కలిపి పట్టుకునే జిగురు ఫినాలిక్ రెజిన్. మూడు వందలు దాటిన దగ్గర్నుంచి అది కమిలిపోవడం మొదలవుతుంది, వాయువులు వదులుతుంది, పట్టు జారుతుంది. దీన్నే మనం "ఫేడ్" అని పరీక్షలో రెండు మార్కులకి రాస్తాం.

అందుకే దిగుడులో గేరు వదలకూడదు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్లో దించే అలవాటు ఇంకా ఉంది. ఈ కాలం ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజక్షన్ ఎలాగూ ఆగిపోతుంది, న్యూట్రల్లోనే ఐడిల్ కోసం డీజిలు తాగుతుంది. అంటే మిగిలేది కూడా ఏమీ లేదు.

"మనకేం ఘాట్ రోడ్లున్నాయిరా" అంటారు. కోటప్పకొండ ఘాట్ ఒకటుంది, అది సరే, చిన్నది. కానీ నరసరావుపేటలో లైనింగ్ వేయించుకున్న లారీ నరసరావుపేటలోనే తిరగదు కదా. దోర్నాల దాటి శ్రీశైలం వైపు దిగేటప్పుడు ఆ లైనింగ్ ఎక్కడ కొన్నారో నల్లమల అడగదు.

ఇప్పుడు మన సిలబస్ సంగతి. మెషిన్ డిజైన్లో బ్రేకుల చాప్టర్ ఉంది. షూ బ్రేకు, బ్యాండ్ బ్రేకు, లోపలికి విచ్చుకునే షూ బ్రేకు. ప్రతి లెక్కలోనూ ఒక వాక్యం వస్తుంది: ఘర్షణ గుణకం 0.35 అనుకొనుము. మనం అనుకుంటాం. టార్క్ వస్తుంది, కింద రెండు గీతలు గీస్తాం. ఆ "అనుకొనుము" వెనక ఒక దుకాణం, ఒక బేరం, ఒక అట్టపెట్టె ఉన్నాయని నాకు తెలిసింది క్లాసులో కాదు. మా బాబాయికి నాపరాళ్లు తోలే ఆరు టైర్ల లారీ ఉంది. లైనింగులు కొనడానికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. ఇంజనీరింగ్ చదివే పిల్లోడు పక్కనుంటే దుకాణపాయన బేరం తగ్గిస్తాడని ఆయన నమ్మకం.

కౌంటర్ మీద రెండు రకాలు పెట్టారు. బాబాయి ఒకటే అడిగాడు.

"ఏది ఎక్కువ కాలం వచ్చిద్ది?"

"ఇది యాడాది వచ్చిద్దన్నా. అది ఎనిమిది నెల్లే."

నేను మధ్యలో దూరి, "బాగా కాగినాక ఏది పట్టిద్దండీ?" అన్నాను. దుకాణపాయన నన్ను కాసేపు చూసి, "అది ఎవరూ అడగరు బాబూ" అన్నాడు. వెటకారం కాదు, ఉన్నమాట చెప్పాడంతే. బాబాయి "నీ చదువంతా నా బండి మీదే చూపియ్యమాకరా" అన్నాడు గానీ, డబ్బులు తియ్యబోయిన చెయ్యి మాత్రం ఆగింది.

ఆ రెండు లైనింగుల్లో ఒకదాని అంచున కంపెనీ పేరు, నంబరు, చివర రెండు ఇంగ్లిషు అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయి. రెండోదాని మీద ఏమీ లేదు, పెట్టె మీద ఓ పులి బొమ్మ ఉంది. ఆ రెండక్షరాలు అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం పెట్టిన పద్ధతి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ గుణకం ఏ తరగతిలో ఉందో చెబుతుంది, రెండోది బాగా కాగినప్పుడు ఏ తరగతిలో ఉందో. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. కాబట్టి ఎఫ్ఎఫ్ అంటే చల్లగా ఉన్నా కాగినా ఒకే తరగతిలో పట్టేది, ఎఫ్ఈ అంటే కాగితే ఒక మెట్టు జారేది. ఇది సర్వరోగనివారిణి కాదు. ఒకే ఎఫ్ తరగతిలో 0.36 ఉన్నదీ 0.44 ఉన్నదీ రెండూ ఉండొచ్చు, అరుగుదల గురించి ఇది ఒక్క ముక్క చెప్పదు. కానీ "అనుకొనుము" అనే చోట "చూడుము" అనుకోవడానికి కౌంటర్ దగ్గర మనకి దొరికే ఆధారం అదొక్కటే. పులి బొమ్మకి మ్యూ విలువ లేదు.

తేడా ఎంత అని లెక్కేసి చూద్దాం. బరువు లారీ 60 స్పీడు నుంచి ఆగేటప్పుడు సగటున సెకనుకి సెకనుకి 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిందంటే అది మంచి బ్రేకు కింద లెక్క. అప్పుడు ఆగడానికి పట్టే దూరం దాదాపు 28 మీటర్లు. అన్ని చక్రాలకీ 0.35 బదులు 0.25 లైనింగ్ వేశాం, మిగతా అంతా మారలేదనుకుంటే, అదే దూరం 39 మీటర్లవుతుంది. పదకొండు మీటర్లు తేడా. అంటే ఒక లారీ పొడవు పైనే. లెక్క తెలిసినవాళ్లకి ఇంకో మాట: లోపలికి విచ్చుకునే షూ బ్రేకులో తిరిగే దిక్కుకి ఎదురొడ్డే లీడింగ్ షూ తన పట్టుని తనే పెంచుకుంటుంది కాబట్టి మ్యూ తగ్గితే టార్క్ అదే నిష్పత్తిలో కాదు, ఇంకొంచెం ఎక్కువే తగ్గుతుంది. నేను సులువు లెక్కే వేశాను.

మరి మెకానిక్కులకి ఇదంతా తెలియదా? తెలుసు. మనకంటే బాగా తెలుసు. చక్రం దగ్గరికి వచ్చే వాసనని బట్టి ఏ వైపు షూ కాలిందో చెప్పే మేస్త్రీలున్నారు. ఇదే మాట ఒక మేస్త్రీ దగ్గర ఎత్తితే ఆయన ఇచ్చిన జవాబు ఈ వ్యాసం మొత్తానికి సరిపోతుంది: "లైనింగ్ తొరగా అరిగితే ఓనరు నన్ను తిడతాడు. బండి నాలుగు గజాలు ముందుకు పోయి ఆగితే డ్రైవర్ని తిడతాడు. నన్ను ఏది వెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఇదీ అసలు చిక్కు. గట్టి లైనింగ్ నిదానంగా అరుగుతుంది, ఎక్కువ కాలం వస్తుంది, ఓనరుకి కనిపించే గుణం అదే. అది తక్కువ పట్టుతుందన్న సంగతి ఓనరుకి కనిపించదు, ఎందుకంటే ఆయన క్యాబిన్లో లేడు. అది డ్రమ్ముని తినేస్తుందన్న సంగతి చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. డ్రైవరుకి అన్నీ కనిపిస్తాయి, కానీ ఆయన కౌంటర్ దగ్గర లేడు. కొనేవాడికి అందే సమాచారం ఒక్కటే, అరుగుదల. కాబట్టి మార్కెట్ ఏళ్ల తరబడి దాన్ని బట్టే ఎంచుకుంటూ పోతుంది. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. ఫీడ్‌బ్యాక్ లూపులో తప్పు సెన్సర్ పెట్టాం, అంతే. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

బాబాయి చివరికి అక్షరాలున్నదే కొన్నాడు, బిల్లు మీద కంపెనీ పేరు రాయించుకుని మరీ. నా మాట విని కాదు, అట్టపెట్టె మీద కంపెనీ అడ్రసు లేకపోవడం ఆయనకి నచ్చలేదు. నాకు అదీ మంచి కారణమే అనిపించింది.

లైనింగ్ సరైనది కొన్నా డ్రమ్ము సంగతి మిగిలే ఉంటుంది. డ్రమ్ము గీతలు పడితే లేత్ మీద పెట్టి లోపల కోత వేయిస్తాం, ఓవర్‌సైజు లైనింగ్ రివెట్లు కొట్టిస్తాం. ఒకసారి, రెండుసార్లు పరవాలేదు. ప్రతి డ్రమ్ముకీ ఇంతకంటే పెద్దది చేయకూడదు అనే గరిష్ఠ వ్యాసం ఒకటుంటుంది. చాలా డ్రమ్ముల మీదే పోతలో అచ్చయి ఉంటుంది. తుప్పు గోకి చూస్తే కనిపిస్తుంది, గోకేవాళ్లే తక్కువ. కోత వేసిన కొద్దీ గోడ పల్చబడుతుంది, వేడిని దాచుకునే ఇనుము తగ్గుతుంది, నొక్కితే కొద్దిగా సాగుతుంది కూడా. నల్లగా మాడిన మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్న డ్రమ్ముని కోత వేయించి మళ్లీ ఎక్కించడం పొదుపు కాదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటి. 410 మిల్లీమీటర్ల వ్యాసం డ్రమ్ము మూడు వందల డిగ్రీలు వేడెక్కిందనుకోండి. పోత ఇనుము ఒక్కో డిగ్రీకి పది లక్షల వంతుల్లో 11 వంతులు సాగుతుంది. వ్యాసం 1.35 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ షూని తోసే కామ్‌కీ, బ్రేక్ చాంబర్ రాడ్డుకీ మధ్య స్లాక్ అడ్జస్టర్ చెయ్యి ఉంది. కామ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదలాలంటే రాడ్డు పది పన్నెండు మిల్లీమీటర్లు కదలాలి. షూ మధ్యలో జరిగినదానికి కామ్ చివర రెట్టింపు జరగాలి. మొత్తం కలిపితే ఆ కాస్త వేడికి రాడ్డు ఇంకో పదిహేను మిల్లీమీటర్ల పైన బయటికి రావాలి. మొత్తం ప్రయాణం అరవై చిల్లర ఉండే చాంబర్లో, అడ్జస్ట్‌మెంట్ వదులై చల్లగా ఉన్నప్పుడే రాడ్డు నలభై అయిదు వస్తున్న లారీ ఇది అయితే? నరసరావుపేటలో పెడల్ తొక్కితే బ్రహ్మాండంగా ఆగుతుంది. దిగుడు అడుగున రాడ్డు చివరంటా వచ్చేసి చాంబర్‌కి కొట్టుకుంటుంది, షూ డ్రమ్ముని ఒరుసుకుంటుందే గానీ నొక్కదు. ఇంకా ఘోరం ఏంటంటే, మర్నాడు ఆ లారీని పరీక్ష చేసేటప్పటికి డ్రమ్ము చల్లబడి ఉంటుంది. బ్రేకులు పని చేస్తున్నాయి అని రాస్తారు. డ్రైవరు అబద్ధం చెప్పాడనుకుంటారు.

కొత్త లారీలకి ఈ వదులుని తనంతట తనే సర్దుకునే ఆటో స్లాక్ అడ్జస్టర్లు వస్తున్నాయి. అవి పాడైతే తీసేసి చేత్తో తిప్పేవి బిగించేవాళ్లున్నారు, అదీ ఒకవైపే. అప్పుడు ఒకే యాక్సిల్ మీద ఎడమ చక్రం ఒకలా, కుడి చక్రం ఒకలా పడుతుంది. లైనింగులకీ ఇదే సూత్రం. ఒకవైపు అరిగిందని ఒకవైపే మార్చడం, ఒకవైపు ఒక కంపెనీ, రెండోవైపు ఇంకోటి వేయడం చేస్తే బ్రేకు కొట్టగానే బండి ఒక పక్కకి లాగుతుంది. మార్చితే యాక్సిల్ మొత్తం ఒకే రకం మార్చాలి.

మన ఊళ్లలో లారీల కంటే ఎక్కువ కనిపించేవి పికప్‌లు. వీటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డిస్కు కొనేటప్పుడు మనవాళ్లకి ఇంటర్నెట్ ఎక్కించిన పిచ్చి ఒకటుంది, చిల్లుల డిస్కు, గాట్ల డిస్కు. బుల్లెట్ బండికి అందం కోసం వేసుకుంటే మీ ఇష్టం. మిర్చి టిక్కీలు మోసే పికప్‌కి చిల్లులు పెట్టి ఇనుము తగ్గించడమంటే వేడిని దాచే చోటు తగ్గించడం, పగుళ్లకి మొదలు పెట్టివ్వడం. మామూలు గాలి సందుల డిస్కు, కంపెనీ కొలత ప్రకారం ఉన్నది చాలు. పాత డిస్కు ఉంచాలా మార్చాలా అన్నదానికి చూపు సరిపోదు, మైక్రోమీటర్ కావాలి. కనీస మందం ఎంతో సాధారణంగా డిస్కు మీదే రాసి ఉంటుంది. దానికి దిగువన ఉన్న డిస్కుకి ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా దండగే. కొత్త ప్యాడ్లు వేసిన రోజే లోడు ఎక్కించి తోలకూడదు. ఓ ఇరవై సార్లు మెల్లమెల్లగా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లబడనిస్తూ పట్టించాలి. ఇది చెప్పే మెకానిక్కు దొరికితే ఆయన దగ్గరికే వెళ్తూ ఉండండి.

పికప్‌ల గురించి ఇంకో సంగతి చెప్పకుండా వదల్లేను. ఎక్కువ లోడు కోసం వెనక కమాను పట్టీలు అదనంగా వేయిస్తారు కదా. చాలా పికప్‌లలో వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే వాల్వు ఒకటుంటుంది. దానికి త్రాసు లేదు. బాడీ ఎంత కిందికి దిగింది అన్నదాన్ని బట్టే లోడు ఎంతో అంచనా వేస్తుంది. పట్టీలు పెంచితే బాడీ దిగదు. బాడీ దిగకపోతే వాల్వు బండి ఖాళీ అనుకుంటుంది. ఖాళీ బండికి వెనక చక్రాలు జారిపోకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. అంటే మూడు టన్నులు ఎక్కించి, వెనక బ్రేకులకి మాత్రం ఖాళీ బండి ఒత్తిడి ఇస్తున్నామన్నమాట. భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది, ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, అప్పుడు "ఎక్కువ కాలం వచ్చే" గట్టి ప్యాడ్లు అడుగుతాం. వలయం పూర్తయింది.

మిరప కోతల రోజుల్లో ఇవే పికప్‌లలో తెల్లారకముందే కూలీలని ఎక్కిస్తారు. ఇరవై మంది ఎక్కినా బరువు టన్నుకి కాస్త అటూఇటూ, మామూలు లోడు కంటే తక్కువే. బ్రేకుల లెక్కలో చూస్తే అది తేలిక ప్రయాణం. కానీ టిక్కీలని తాళ్లతో బిగిస్తారు, మనుషుల్ని బిగించరు. బ్రేకు ఒక పక్కకి లాగితే టిక్కీలు కదలవు. గూడ్స్ బండిలో మనుషుల్ని ఎక్కించకూడదన్నది చట్టం, నేనూ అదే అంటాను. అయితే ఎకరాల కొద్దీ కాయ కొమ్మ మీద ఉండగా పొలానికి వేరే బండి లేనంతకాలం ఆ ప్రయాణాలు ఆగవు. ఆగనప్పుడు ఆ బండి ముందు చక్రాలకి ఏ ప్యాడ్లున్నాయన్నది ఓనరు సొంత వ్యవహారం కాదు.

లైనింగ్ కథలో ఇంకో బాధితుడు మెకానిక్కే. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన గుట్టల మీంచి దిగే గుర్రబ్బండ్లు చెక్క బ్రేకులకి పాత బూటు తోళ్లు కట్టుకోవడం చూసి, ఇంతకంటే మంచిది చేయొచ్చని మొదలుపెట్టినదే ఫెరోడో కంపెనీ. మొదట్లో నూలు, జుట్టు లాంటివి వాడి, తర్వాత వేడికి తట్టుకుంటుందని ఆస్‌బెస్టాస్ వైపు వెళ్లారు. ప్రపంచమంతా వెళ్లింది. ఆస్‌బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ వస్తుందన్నది ఇప్పుడు వాదన కాదు, తేలిన విషయం. చాలా దేశాలు పూర్తిగా నిషేధించాయి. మన దగ్గర వాడకం మీద అలాంటి పూర్తి నిషేధం లేదు. పెద్ద కంపెనీలు ఆస్‌బెస్టాస్ లేని లైనింగులు చేస్తున్నాయి, పెట్టె మీద ఆ మాట రాస్తాయి. రాయని పెట్టెలో ఏముందో చెప్పేవాళ్లు లేరు. షెడ్డులో డ్రమ్ము ఊడదీయగానే మొదట చేసే పని ఏంటో మీరెప్పుడైనా చూశారా? కంప్రెసర్ గన్ తీసుకుని ఆ దుమ్ముని ఊదేయడం. పక్కన నట్లు అందించే కుర్రాడు ఉంటాడు, మన కంటే చిన్నవాడు. తడిగుడ్డతో తుడిస్తే, నీళ్లు చిలకరించి కడిగితే ఖర్చు సున్నా.

ఎఫ్‌సీ ఉంది కదా అంటారా? ఎనిమిదేళ్ల లోపు లారీకి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ముందురోజు సాయంత్రం షెడ్డు దగ్గర వరసగా నిలబడి స్లాక్ బిగించుకునే లారీల్ని చూస్తే ఆ పరీక్షకి మనవాళ్లు ఎలా ప్రిపేరవుతారో తెలుస్తుంది. సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి మనమూ అంతే కాబట్టి ఎక్కువ మాట్లాడను. రెండు ఎఫ్‌సీల మధ్యలో వేసిన లైనింగ్ ఏదో అడిగేవాళ్లు లేరు. బిల్లు మీద కంపెనీ, నంబరు, తేదీ, ఏ యాక్సిల్‌కి వేశారో రాసి అది బండి కాగితాలతో పాటు ఉంచాలన్న చిన్న నియమం చాలు. కనీసం వాక్యంలోకి కర్త తిరిగొస్తాడు.

ఇక మన వంతు. ఏటా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల జాబితా చూడండి, "ఏన్సిస్‌లో బ్రేక్ డిస్క్ థర్మల్ అనాలిసిస్" కచ్చితంగా ఉంటుంది. చిల్లులున్న డిస్కు, లేని డిస్కు, రంగురంగుల బొమ్మలు, ఎరుపు దగ్గర వేడి ఎక్కువ, నీలం దగ్గర తక్కువ. మ్యూ 0.35 అనుకొనుము. ఆ బైండింగ్ పుస్తకంలో చాలావరకు ముందు బ్యాచ్ నుంచి వచ్చిందేనని గైడుకీ తెలుసు, ఎక్స్‌టర్నల్‌కీ తెలుసు. అదే శ్రమ ఇంకో చోట పెట్టొచ్చు. ల్యాబులో పిన్-ఆన్-డిస్క్ యంత్రం ఉన్న కాలేజీలు చాలానే ఉన్నాయి, ఎన్‌బీఏ వాళ్లు వచ్చినప్పుడు దుమ్ము దులుపుతారు. నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల దుకాణాల్లో లారీకీ పికప్‌కీ అమ్మే లైనింగులు, ప్యాడ్లు తలా ఒకటి కొందాం. బిల్లుతో కొందాం. ఒక్కోదాంట్లోంచి చిన్న ముక్క కోసి వంద డిగ్రీల దగ్గర, రెండు వందల దగ్గర, మూడు వందల దగ్గర మ్యూ కొలుద్దాం. చల్లారాక మళ్లీ కొలుద్దాం, పోయిన పట్టు తిరిగొచ్చిందో లేదో. చిన్న ముక్క మీద వచ్చిన అంకె లారీ చక్రం మీద అచ్చంగా అంతే ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది. మన దుకాణాల్లో ఇప్పుడు లేనిది ఆ పోలికే.

ఫలితాన్ని ఇంగ్లిషు జర్నల్‌కి పంపించుకోవచ్చు, పాయింట్లు వస్తాయి. ముందు ఒక పేజీ తెలుగులో వేసి లారీ ఓనర్ల యూనియన్ ఆఫీసు గోడకీ, డ్రైవర్లు టీ తాగే చోటకీ ఇద్దాం. మూడు గడులు చాలు: లైనింగ్ పేరు, చల్లగా ఎంత, కాగాక ఎంత. బాబాయి తన బండి పాత షూలు నాలుగూ ఇస్తానన్నాడు, కోసుకోవడానికి. రివెట్లు మనమే తీసుకోవాలట.